తనంతట తాను నడిచే పనిని ఆపడం ఎలా?



1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలకు వెళ్లినవారిలో మన హాస్టల్ విద్యార్థులమైన మేమూ ఉన్నాము. పరీక్షల్లో పెద్దగా అడగని, ఉద్యోగంలో మాత్రం తొందరగా ఎదురయ్యే ఒక చిన్న పాఠాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీకు చెప్పదలిచాము.

షెడ్యూల్డ్ జాబ్ అంటే ఏమిటి?

ఎవరూ బటన్ నొక్కకుండానే, చెప్పిన వేళకు కంప్యూటర్ తెర వెనుక చేసుకుపోయే పనిని షెడ్యూల్డ్ జాబ్ అంటారు. రాత్రిపూట లెక్కలు సరిచూడడం, ఎస్ఎంఎస్‌లు పంపడం, పాత ఫైళ్లు తొలగించడం ఇలాంటివే. యూనిక్స్‌లో 1970ల నుంచి ‘క్రాన్’ అనే ప్రోగ్రాం ఈ పని చేస్తోంది. జావాలో స్ప్రింగ్ వాడేవారు కూడా వేళను దాదాపు అలాగే రాస్తారు. అందులో 0 0 2 * * * అంటే సెకను, నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే వరుసలో చదవాలి. అంటే రోజూ రాత్రి 2 గంటలకు. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే అది మనకు ఉదయం 7:30 అవుతుంది.

ఎందుకు ఆపాలి?

కొత్తగా చేరినవారు ముందు టెస్ట్ సర్వర్‌లో పని నేర్చుకుంటారు. అందులో అసలు డేటా నకలు ఉందనుకోండి. స్కాలర్‌షిప్ సందేశాలు పంపే జాబ్ అక్కడా నడిస్తే, ఊళ్లో ఉన్న ఒక తండ్రికి ‘డబ్బు జమ అయింది’ అని ఎస్ఎంఎస్ వెళ్తుంది. ఆయన కూలి మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. మనకు అది టెస్టు. ఆయనకు ఒక రోజు కూలి.

ఎలా ఆపాలి?

సంక్రాంతి సెలవుల్లో మెస్ ఆపాలంటే పొయ్యి పగలగొట్టరు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. సెలవులయ్యాక దాన్ని తీసేస్తారు. ప్రోగ్రాంకు ఆ నోటీసు బోర్డు కాన్ఫిగరేషన్ ఫైలు. కోడ్ అన్నిచోట్లా ఒకటే ఉండాలి, సెట్టింగు మాత్రమే చోటును బట్టి మారాలి.

స్ప్రింగ్ బూట్‌లో దీనికి రెండు సులభ మార్గాలు ఉన్నాయి. ఒక్క జాబ్‌ను ఆపాలంటే, దాని వేళను కోడ్‌లో రాయకుండా అప్లికేషన్ ప్రాపర్టీస్ ఫైలు నుంచి తీసుకోవాలి. ఆ ఫైలులో వేళకు బదులు ‘-’ గుర్తు పెడితే జాబ్ నడవదు. ఈ సౌకర్యం 2018లో వచ్చిన స్ప్రింగ్ 5.1 నుంచి ఉంది. అన్నిటినీ ఆపాలంటే, షెడ్యూలింగ్‌ను మొదలుపెట్టే క్లాసుకు ‘కండిషనల్ ఆన్ ప్రాపర్టీ’ తగిలించాలి. అప్పుడు ఆ సెట్టింగు రాయడం మరచిపోయినా జాబ్‌లు మొదలుకావు. మరచిపోతే ఆగి ఉండడమే మేలు కదా!

గుర్తుంచుకోవలసినవి

1. మామూలుగా సెట్టింగులను ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే చదువుతుంది. ఫైలు మార్చాక రీస్టార్ట్ చేయాలి.

2. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో అదే సెట్టింగు ఉంటే, ఫైలులో రాసినది చెల్లదు. రెండూ చూడాలి.

3. ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పనిని, మళ్లీ ఆన్ చేయగానే అది తనంతట తాను పూర్తి చేయదు. ఎవరు ఆపారు, ఎప్పుడు తిరిగి ఆన్ చేయాలి అన్నది రాసిపెట్టాలి.

4. పాత స్విచ్‌ను కొత్త పనికి వాడకూడదు.

ఈ చివరి మాటకు ఉదాహరణ అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ. పాత స్విచ్‌నే కొత్త ప్రోగ్రాంకు వాడారు. 8 సర్వర్లలో ఒకదానిలో కొత్త కోడ్ పెట్టలేదు. 2012 ఆగస్టు 1న స్విచ్ వేయగానే ఆ సర్వర్‌లో పాత ప్రోగ్రాం మేల్కొంది. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

మీరు చేసి చూడండి

నిమిషానికోసారి ఒక వాక్యం ముద్రించే చిన్న ప్రోగ్రాం రాయండి. కోడ్ ముట్టుకోకుండా, సెట్టింగుతోనే దాన్ని ఆపండి, మళ్లీ నడిపించండి. రేపు ఇంటర్వ్యూలో ఇది చెప్పగలిగితే మంచిదే. ఉద్యోగంలో చేరాక మాత్రం ఏ సర్వర్ ముందు కూర్చున్నా ముందుగా ఒక ప్రశ్న అడగండి: ‘ఇక్కడ ఎవరూ నొక్కకుండా నడుస్తున్న పనులేమిటి?’ కొత్తవాళ్లం కదా అని అడగడానికి మొహమాటపడకండి.