పెద్దింటి పెద్దపిల్లకు

వనస్థలిపురం

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పొడుగాటి మెసేజ్ చదివాను. ఫోన్‌లో జవాబు చెబితే మన ఇంట్లో పక్కన నలుగురు చెవులు రిక్కిస్తారు కాబట్టి కాగితం మీద రాసి పోస్టులో వేస్తున్నాను. కవరు అంటించినా మీ తమ్ముళ్లలో ఎవడో ఒకడు ముందుగా చింపి చదువుతాడని నాకు తెలుసు. చదవనీ. వాళ్లకు చెప్పాల్సినవి కూడా ఇందులో ఉన్నాయి.

హాస్టల్‌కు పోతానన్నావు. ఇంట్లో 14 మంది, పుస్తకం పట్టుకుని కూర్చునే జాగా లేదు, ఇంటర్ రెండో ఏడు, పైన ఎప్‌సెట్ (మాకింకా ఎంసెట్ అంటేనే నోరు తిరుగుతుంది). కూర్చోగానే చిన్నమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకోమంటుంది, నానమ్మ కండెలు చుట్టమంటుంది, కింద మగ్గం చప్పుడు, పక్కన టీవీ చప్పుడు. అన్నీ నిజమే, కాదనడానికి రాయడం లేదు. కానీ ఒక మాట దగ్గర ఆగిపోయాను. "నాకేం కావాలో ఈ ఇంట్ల ఒక్కరికీ పట్టది అత్తమ్మా" అన్నావు. నీకేం కావాలో వాళ్లతో ఎప్పుడన్నా చెప్పావా? మెసేజంతా వెతికాను, ఆ ముక్క కనబడలేదు. అలిగినట్టుంది, తలుపు వేసుకున్నట్టుంది, రాత్రి అన్నం మానేసినట్టుంది. మన ఇంట్లో నువ్వు అన్నం మానేస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పు? మీ అమ్మ చిన్నమ్మ పెట్టిందనుకుంటుంది, చిన్నమ్మ నువ్వు మీ అమ్మతో తిన్నావనుకుంటుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నారు. ప్రేమకేం తక్కువ లేదు, పలచనయ్యేది ధ్యాస. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మూతి ముడుచుకుంటే చాలు, అమ్మే వచ్చి ఏమైందని అడుగుతుంది. మన దగ్గర నోరు తెరిచి అడగాలి. అదీ అందరూ ఉన్నప్పుడు అడగాలి.

మా కాలంలో అయితే మరీ అన్యాయం. నన్నూ, మా చిన్నాయనల పిల్లలిద్దరినీ మా పెద్దబాపు ఒకే రోజు బడికి పట్టుకుపోయి వేశాడు. పుట్టిన తేదీలు చెప్పమని సారు అడిగితే ఆయనకు ఒక్కటీ గుర్తు లేదు. "గా పెద్ద వానలు పడ్డ ఏడు పుట్టింది" అన్నాడట నా గురించి. సారు చేసేది లేక ముగ్గురికీ జూలై ఒకటి అని రాసి పారేశాడు. ఒకరికొకరికి నెలల తేడా ఉన్న ముగ్గురం కాగితం మీద కవలలమయ్యాం. అందులో ఇద్దరం సర్కారు నౌకరీల్లో చేరి, ఒకే జూన్ 30న రిటైరయ్యాం. నా అసలు పుట్టినరోజేదో మా అమ్మకు కూడా తెలియదు. నీ పుట్టినరోజు మరిచిపోయారని రాశావు గానీ, నీకు కనీసం ఆ తేదీ అయినా ఉంది.

నవ్వులాటకు చెప్పాను. బాధ లేదని కాదు.

మరి అదే ఇంట్లో మాకు దొరికిందేమిటంటే, ఒక్క మనిషి కోపతాపాల మీద మా రోజు ఆధారపడలేదు. అమ్మకు కోపం వస్తే చిన్నమ్మ అర్రలోకి పోయేవాళ్లం. చిన్నమ్మ కూడా కసిరితే గోడ పక్కన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న తాత దగ్గరికి. ఇంట్లో ఎవరో ఒకరు మంచి మనసుతో ఉండే రోజే ఎక్కువ. నేను ఇన్నేళ్లు పంతులమ్మగా పని చేశాను. అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే పిల్లలను చూసేదాన్ని. అమ్మానాన్న కొట్లాడుకున్న మర్నాడు వాళ్ల ముఖం చూస్తే తెలిసిపోయేది, పోవడానికి ఆ పిల్లలకు మరో అర్ర లేదు. నీకు నాలుగు అర్రలున్నాయి. అది ఇప్పుడు నీ కళ్లకు ఆనదు. పైగా నీ పిల్లలకు ఇంతమంది దొరకరు కూడా. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలని తేలింది. అంటే చిన్నాయనలు, మేనత్తలు చాలా ఇళ్లలో ఉండనే ఉండరు. కవరు చింపి చదివే తమ్ముడు కూడా రేపు కరువే.

మా నాయనమ్మ ఆదివారం నాడు తునకల కూర వడ్డించడం నీకు చెప్పాలి. ఇత్తడి గంజు ముందర పెట్టుకుని, గంటె చేతబట్టి కూర్చునేది. పిల్లలందరం వరుసగా పళ్లాలు పట్టుకుని, ఎవరికెన్ని తునకలు పడ్డాయో కళ్లతో లెక్కపెట్టుకునేవాళ్లం. మూలుగ బొక్కకు వంతులుండేవి. పోయిన వారం ఎవరికి వచ్చిందో ఆమెకు గుర్తుండేది, మాకు అంతకన్నా బాగా గుర్తుండేది. అయితే అందరికీ సమానంగా వేసేది కాదు. జ్వరం వచ్చి లేచినవాడికి ఇంకో గంటె ఎక్కువ. కార్జం పరీక్ష ఉన్నవాళ్లకు. ఒకసారి వంతు నాదైనా బొక్క మా అన్న పళ్లెంలో పడింది. నేను ఊరుకోలేదు, అందరి ముందూ "నా వంతు గదా" అన్నాను. ఆమె గంటె ఆపి నా వైపు చూసి, "ఔనే, మరిచిన" అని తీసి నా పళ్లెంలో వేసింది. మా అన్న రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు మాట్లాడాడు. పెద్దింట్లో ఎవరి మీదైనా అలిగి ఎన్నాళ్లుంటావు, బాయి కాడ ఎదురుపడక తప్పదు కదా.

అదే కూరను అమ్మావాళ్లు ఎట్లా తిన్నారో మాత్రం నేను అప్పుడు చూడలేదు. మగవాళ్లు, పిల్లలు తిన్నాక గంజులో మిగిలేది శేరువ. అమ్మావాళ్లు అన్నంలో ఆ శేరువ కలుపుకుని తిని లేచేవాళ్లు. పెద్ద కుటుంబంలో పెరగడం ఎంత బాగుంటుందో రాసేవాళ్లూ, సినిమాలు తీసేవాళ్లూ ఎక్కువగా ముందు పంక్తిలో కూర్చున్నవాళ్లే. వాళ్ల మాట అబద్ధం కాదు గానీ, సగమే.

మిగతా సగం తెలియాలంటే మీ నానమ్మను చూడు. ఆమె కుడిచేయి పైకెత్తి జుట్టు ముడి వేసుకోలేదు, ఎప్పుడన్నా గమనించావా? అది ముసలితనం కాదు, ఆసు. మన పోచంపల్లి చీర పోగుకు చిటికి కట్టి రంగు అద్దే ముందు, దాన్ని ఆసు మీద పోయాలి. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా మేకులు. చేత్తో పోగు పట్టుకుని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి 9,000 సార్లు తిరగాలని లెక్క. ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం వాళ్ల అమ్మ ఆ భుజం నొప్పితో పడే బాధ చూడలేక, ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. మీరంతా టీవీలో చూశారు కదా. మన ఇంటికి యంత్రం వచ్చేసరికి మీ నానమ్మ భుజం అయిపోయింది.

ఇంకో సంగతి. చీరకు మజూరి వచ్చేది నేసినవాడి చేతికి. ఆసు పోసిన చేతికీ, కండెలు చుట్టిన పిల్లలకూ వేరే లెక్క ఎన్నడూ లేదు. నేతపని ఇంట్లో మంది ఉంటే చేతులున్నట్టు. అందుకే పిల్లల్ని తలలు కాదు, చేతులు లెక్కపెట్టి చూసేవాళ్లు. మీ నానమ్మ నిన్ను "కండెలు చుట్టవే" అని పిలిచేది నీ మీద కోపంతో కాదు, ఆమెకు తెలిసిన లెక్క అదొక్కటే. తనకు నొప్పిగా ఉందని ఆమె ఎవరినీ అడిగి ఎరుగదు. తాను అడగనిది ఇంకొకరు అడిగితే అట్లాంటి మనిషికి తలబిరుసుగా కనబడుతుంది. నువ్వు హాస్టల్ అనగానే ఆమె ఏడ్చిందన్నావే, ఆ ఏడుపు హాస్టల్ గురించి కాదని నా అనుమానం.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు నీకేం కావాలో ఒక్కటే తేల్చుకో. పది అడిగితే పెద్దింట్లో పదీ గాలికి పోతాయి. మేడ మీది అర్ర పొద్దున నాలుగున్నర నుంచి ఏడు దాకా, రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా నీకు కావాలి. ఆ గంటల్లో నిన్ను ఎవరూ పిలవకూడదు. అంతే అడుగు. మీ బాపును ఒంటరిగా దొరికించుకుని అడగకు. వాడు నా తమ్ముడు, ఒంటరిగా ఉంటే అన్నిటికీ "చూద్దాం తియ్" అంటాడు. అందరూ అన్నాలు తిని కూర్చున్నప్పుడు అడుగు. పదిమంది ముందు ఒప్పుకున్నది తప్పడం కష్టం.

పిల్లవాణ్ణి ఎత్తుకోను అనకు. చిన్నమ్మ మగ్గం మీద కూర్చుంటే వాణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకోవాలి కదా. కాలేజీ నుంచి వచ్చాక ఐదు నుంచి ఏడు దాకా నేను ఎత్తుకుంటానని నువ్వే చెప్పు. మిగతా గంటలకు ఇంట్లో ఇంకా చేతులున్నాయి. పదో తరగతి చదివే మీ తమ్ముడికి బండి నడపడం వచ్చిందంటే, చంటిపిల్లవాణ్ణి ఎత్తుకోవడం రాకుండా పోదు. కండెలు చుట్టడానికి ఆడ మగ లేదు, మీ తాత చుట్టేవాడు.

ఎవరితోనూ పోల్చి మాత్రం అడగకు. "తమ్మునికి ఇచ్చిన్రు, నాకియ్యలే" అన్నావంటే అయిపోయింది. చిన్నమ్మ పెళ్లినాటి సంగతులు, తాత కట్టిన చిట్టీ సంగతులు, ఇరవై ఏళ్ల కింది పంచాయతీలన్నీ లేస్తాయి. రాత్రి పన్నెండు దాకా అవే నడుస్తాయి, నీ అర్ర మాట ఎవరికీ గుర్తుండదు.

"రేపు పెండ్లయి పోయేదానివి, నీకెందుకే అర్ర" అని ఎవరన్నా అంటే తల వంచుకోకు. పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే వాటా అని 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేసింది. అప్పటికే పెండ్లయిన నాలాంటివాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి దేశమంతటా ఆ హక్కు ఇచ్చింది. ఆ సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితాలు పట్టుకుని ఇంట్లో లొల్లి పెట్టమని చెప్పడం లేదు. ఆ ఇంట్లో నువ్వు చుట్టానివి కావు. అడిగేటప్పుడు గొంతులో ఆ సంగతి ఉంటే చాలు.

దసరా దాకా చూడు. మాట ఇచ్చి నిలబెట్టుకోకపోతే అప్పుడు హాస్టల్‌కు పో, మనసు పీకనీయకు. ఫీజు సంగతి నేను చూసుకుంటాను, మీ బాపుకు ఇప్పుడే చెప్పకు. (ఇది ముందుగా చదివినవాడా, నోరు మూసుకో.) హాస్టల్‌లో నీకు కష్టమేమీ ఉండదు. లైటు వెలుగుతున్నా నిద్రపోతావు, బాత్రూం ముందు లైను కొత్త కాదు, కొట్లాడుకునే ఇద్దరి మధ్య పడుకోవడం అసలే కొత్త కాదు. అక్కడి అమ్మాయిలు మొదటి నెలంతా ఏడిస్తే వాళ్లను ఊరుకోబెట్టే పని కూడా నీకే పడుతుంది. కాస్త జాగ్రత్త, అక్కడ కూడా పెద్దపిల్లవైపోకు.

వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. నీ పక్కన కూర్చుంటాను, నీ తరఫున మాత్రం మాట్లాడను. ఈలోగా మేడ మీది అర్రలో నూలు కట్టలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, అవి ఎక్కడ సర్దవచ్చో చూసి పెట్టు. నువ్వు నోరు తెరవగానే మీ బాపు మొదట అడిగేది అదే.

మీ అత్తమ్మ