షిఫ్టు మనుషులకు సరిపడే చేపలు

పొద్దున వెళ్లి రాత్రికి గానీ ఇల్లు చేరనివాళ్లు అక్వేరియం పెట్టుకోవచ్చా? నిక్షేపంగా పెట్టుకోవచ్చు. కాకపోతే చేపను షాపులో రంగు చూసి కాదు, ఇంట్లో కుళాయి చూసి ఎంచుకోవాలి. తర్వాత పడే చాకిరీ ఎంతో ఆ ఎంపికలోనే సగం తేలిపోతుంది.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి తీసుకుందాం. అంచుదాకా నింపితే దాదాపు 127 లీటర్లు పడుతుంది. అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా 110 లీటర్లు అనుకోండి. గాజు బౌలు అయితే పని తక్కువనుకుంటారు గానీ, నీళ్లు తక్కువైనకొద్దీ మురికి త్వరగా చేరుతుంది, ఎండాకాలం ఇట్టే వేడెక్కుతుంది. తీరిక లేనివాళ్లకు ఈ మధ్యరకం తొట్టే నయం.

ఇక కుళాయి సంగతి. బాత్రూం కుళాయిల మీద, బకెట్ల అంచున తెల్లటి పొర కడుతోందంటే మీవి గట్టి బోరు నీళ్లు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలామందికి ఇదే పరిస్థితి. మనకు తలనొప్పి అయిన ఆ నీళ్లే ప్లాటీ, మోలీ, గప్పీలకు హాయి. మెత్తటి నీళ్లు కోరుకునే నియాన్ టెట్రాలను తెచ్చి ఈ నీళ్లలో వేసి, రోజుకొకటి పోతుంటే షాపువాణ్ణి తిట్టి లాభం లేదు. నదినీళ్లు వచ్చే ఇళ్లకు రోజీ బార్బ్, బ్లాక్ విడో టెట్రా బాగుంటాయి. జీబ్రా డానియోకు మాత్రం ఏ నీళ్లయినా దాదాపు ఒకటే. మన దేశపు వాగుల్లో పెరిగే చేప అది. డిసెంబరు చలికీ హీటరు అడగదు.

ప్లాటీ, గప్పీలతో ఒక తంటా ఉంది. గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. రెండు జతలు తెస్తే కొన్ని నెలల్లో తొట్టి కిటకిటలాడుతుంది. అన్నీ ఆడవే తెచ్చినా లాభం లేదు. షాపులో మగచేపతో కలిసిన ఆడది ఆ తర్వాత కూడా నెలల తరబడి కంటూనే ఉంటుంది. అందుకే మగవే అడగండి. పొట్ట కింద వెనకవైపున్న రెక్క చూడండి. సన్నగా పుల్లలా వెనక్కి ఆనుకుని ఉంటే మగది, విసనకర్రలా విచ్చుకుని ఉంటే ఆడది. వలలోకి తీసేటప్పుడే చూసుకోవాలి, కవరు కట్టాక చూడ్డం కష్టం.

కరెంటు కోతలున్న ఊరైతే ఒక బ్లూ గౌరామీని చేర్చుకోండి. ఫిల్టరు ఆగినా అది పైకొచ్చి గాలి మింగి నెట్టుకొస్తుంది. రెండు మగవి వేస్తే మాత్రం కొట్టుకుంటాయి. నన్నడిగితే గట్టి నీళ్ల ఇంటికి ఎనిమిది డానియోలు, ఆరు మగ ప్లాటీలు, ఒక గౌరామీ చాలు. బార్బ్‌లూ గప్పీలూ ఒకచోట వద్దు, తోకలు కొరికేస్తాయి.

గోల్డ్‌ఫిష్ అంటే అందరికీ మోజే. కానీ అది తినేదీ ఎక్కువ, వదిలే మలం అంతకంటే ఎక్కువ. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది. పాచి తింటుందని షాపువాళ్లు అంటగట్టే సక్కర్ ఫిష్ కూడా అంతే, అడుగు దాటినా ఆగదు. పెద్దదైందని దాన్ని చెరువులో మాత్రం వదలకండి. మన చెరువుల్లో, కాలువల్లో ఇప్పటికే జాలర్ల వలలు చింపుతోంది.

తొట్టి నింపిన రోజే చేపలన్నీ తేవద్దు. మలం నుంచి పుట్టే అమ్మోనియాను విరిచే బాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ముందు నాలుగైదు డానియోలు, నెల దాటాక మిగతావి. ఆ స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బాక్టీరియా చచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

వారానికో అరగంట చాలు. పావువంతు నీళ్లు తోడి, యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపిన కొత్త నీళ్లు పోయడమే. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. నైట్ డ్యూటీ అయితే పగలు వేయండి, వాటికేమీ పట్టింపు లేదు. లైటుకు టైమర్ ప్లగ్గు పెట్టి ఆరేడు గంటలకు మించకుండా చూస్తే అద్దాలకు పాచి పెద్దగా పట్టదు.

సంక్రాంతికి ఊరెళ్తే నాలుగైదు రోజులు మేత లేకపోయినా పెద్ద చేపలకు ఏమీ కాదు. పక్కింటివాళ్లకు డబ్బా అప్పగిస్తేనే ప్రమాదం, జాలిపడి గుప్పెడు వేస్తారు. తప్పదంటే రోజుకొక్క చిటికె చొప్పున పొట్లాలు కట్టి, డబ్బా బీరువాలో పెట్టి వెళ్లండి.