తాళంచెవి ముందు, తాళం తర్వాత

ఆకలి రుచి ఎరుగదు అన్నారు పెద్దలు. మరి ఆకలి వేస్తోందని మెదడుకి కబురు పంపేది ఎవరు? ముఖ్యంగా ఖాళీ కడుపే. జీర్ణాశయపు గోడల్లోని కొన్ని కణాలు గ్రెలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. భోజనానికి ముందు ఇది పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. విచిత్రమేమంటే, ఈ హార్మోను దొరకడానికి ఎన్నో ఏళ్ల ముందే దాని పని చేసే నకలు ప్రయోగశాలలో తయారైంది!

అమెరికాలోని టులేన్ విశ్వవిద్యాలయంలో సిరిల్ బవర్స్ అనే శాస్త్రజ్ఞుడు ఎన్‌కెఫలిన్‌ను తీసుకున్నాడు. ఇది మెదడులో సహజంగా ఉండి నొప్పిని తగ్గించే, ఐదు అమైనో ఆమ్లాల పెప్టైడ్. దండలో పూసలు మార్చినట్టు అందులోని ఆమ్లాలను మార్చి చూశారు. నొప్పిని తగ్గించే గుణం పోయి, పీయూష గ్రంథి చేత పెరుగుదల హార్మోనును విడుదల చేయించే గుణం వచ్చింది! 1984లో ఆరు పూసల జి.హెచ్.ఆర్.పి.-6 వెలువడింది. మన మాంసకృత్తుల్లో ఉండేవి 'ఎల్' రకం అమైనో ఆమ్లాలు. ఇందులో రెండుచోట్ల వాటి అద్దపు ప్రతిబింబాలైన 'డి' రకం పెట్టారు. వాటిని మన ఎంజైములు అంత తేలిగ్గా తెంచలేవు.

తాళంచెవి వచ్చింది సరే, తాళం ఏదీ? 1996లో మెర్క్ కంపెనీ శాస్త్రజ్ఞులు పీయూష గ్రంథిలోనూ, మెదడులోని హైపోథలామస్‌లోనూ దాని గ్రాహకాన్ని పట్టుకున్నారు. మరి ఆ తాళానికి శరీరం చేసుకున్న అసలు చెవి? 1999లో జపానులో కోజిమా, కంగావా దాన్ని ఎలుక జీర్ణాశయంలో కనుగొన్నారు. అదే గ్రెలిన్. 28 అమైనో ఆమ్లాల గొలుసు. మూడవ ఆమ్లానికి ఎనిమిది కర్బన పరమాణువుల కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉంటుంది. ఆ అతుకు లేకపోతే తాళం తెరుచుకోదు. నకలుకీ అసలుకీ రూపంలో పోలికే లేదు, పని మాత్రం ఒకటే!

దీనివల్ల ఒరిగిందేమిటి? జబ్బుపడ్డవాడికి ఆకలి పుట్టిందంటే గండం గడిచినట్టే అంటారు మా ఊళ్లో. కేన్సరు రోగులు చాలామంది ఆకలి చచ్చి, కండ కరిగి నీరసించిపోతారు. వారికోసం ఈ దారిలోనే తయారైన అనమోరెలిన్ మాత్రను 2021లో జపాను అనుమతించింది. పరీక్షల్లో బరువు, కండ పెరిగాయి గాని చేతి పట్టు బలం పెరగలేదు. అంటే పని ఇంకా మిగిలే ఉంది.

కండల మోజుతో ఈ పెప్టైడ్లను సొంతంగా పొడిపించుకునే యువకులూ ఉన్నారు. క్రీడల్లో ఇవి నిషిద్ధం. వైద్యుడు లేకుండా వాడటం ప్రాణంతో చెలగాటమే.

మిత్రులారా! ఒక పూస మార్చి చూసినవాడికి అది ఆకలిదాకా దారి తీస్తుందని తెలియదు. "ఈ ప్రయోగం ఎందుకు పనికొస్తుంది?" అని మన లాబులో విసుక్కునేటప్పుడు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుందాం.