చుట్ట ఆరినా ఆశ ఎందుకు ఆరదు?

ఈసారి సైన్సు పేజీ నాకు ఇచ్చారు. నేను పొగాకు గురించి రాస్తున్నాను. పొగాకుతో క్యాన్సర్ వస్తదని అందరికీ తెలుసు. బీడీ కట్ట మీద బొమ్మ కూడా ఉంటది. తెలిసి కూడా మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఎందుకు మానలేకపోతున్నారు? నా ప్రశ్న అదే.

పొగాకులో నికోటిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండాకాలం మనం కోసి కట్టలు కట్టే తునికాకులో అది లేదు, బీడీ లోపల పోసే పొగాకులోనే ఉంది. పొగ పీల్చిన 10, 20 సెకండ్లకే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ డోపమైన్ అనే రసాయనం విడుదల అవుతుంది. దాంతో హాయిగా అనిపిస్తది. మెదడు ఆ హాయిని గుర్తు పెట్టుకుని మళ్లీ కావాలంటది. ఖైనీ, గుట్కా అయితే చేరడం కొంచెం ఆలస్యం, అంతే.

కానీ నికోటిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండదు. కాలేయం దాన్ని వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. సుమారు 2 గంటలకు రక్తంలో ఉన్నది సగం అవుతుంది. ఇంకో 2 గంటలకు ఆ సగంలో సగం. లెక్క వేసి చూడండి. రాత్రి 8 గంటలకు చుట్ట కాల్చిన మనిషి తెల్లవారి 4 గంటలకు లేస్తే మిగిలేది 16వ వంతు. అందుకే ముఖం కడగకముందే చుట్ట వెతుకుతారు.

మారిన నికోటిన్ ఏమవుతుంది? నూటికి 70, 80 వంతులు కొటినిన్ అవుతుంది. అది సగం కావడానికి సుమారు 16 గంటలు పడుతుంది. రక్తంలో, మూత్రంలో, ఉమ్మిలో కొటినిన్ చూసి మనిషి పొగాకు వాడాడో లేదో డాక్టర్లు చెప్తారు. పక్కన కూర్చుని పొగ పీల్చిన చిన్నపిల్లల్లో కూడా ఇది కనబడుతుంది!

నూటికి ఒక వంతు కన్నా తక్కువ మాత్రం నార్‌నికోటిన్ అవుతుంది. పొగాకు ఆకులో కూడా ఇది కొంచెం ఉంటుంది. కొంచెమే కదా అని వదిలేయడానికి లేదు. 1999లో అమెరికాలోని కెంటకీ రాష్ట్ర శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం గురించి రాశారు. మీట నొక్కితే ఎలుక రక్తంలోకి నార్‌నికోటిన్ పోయేటట్టు ఏర్పాటు చేశారు. ఎలుకలు కావాలని మీట నొక్కాయి. నికోటిన్ అంత బలం దీనికి లేదు. కానీ ఎలుకల మెదడులో నికోటిన్ కన్నా ఎక్కువసేపు ఉంటుంది. మళ్లీ మళ్లీ నికోటిన్ ఇస్తుంటే, కుండ అడుగున మడ్డి చేరినట్టు ఇది పోగవుతుంది. మనుషుల వ్యసనంలో కూడా దీనికి భాగం ఉండవచ్చు అని అంటున్నారు. "ఉండవచ్చు" అనే అన్నారు, నేను కూడా అంతే రాస్తున్నాను.

అంటే ఆశ పుట్టించేది చుట్టలో ఉన్న నికోటిన్ ఒక్కటే కాకపోవచ్చు. దాన్నుంచి మన ఒళ్లు తయారు చేసేది కూడా కావచ్చు. అలాంటప్పుడు "బుద్ధి లేదు, అందుకే మానదు" అని ముసలివాళ్లను తిట్టడం నాకు నచ్చదు. మా నాయనమ్మ పోయిన ఏడాది మానేసింది. మూడో రోజు అందరి మీద అరిచింది, రాత్రి నిద్ర పోలేదు. చూడలేక మా నాయనే చుట్ట తెచ్చి చేతికిచ్చాడు. మా నాయన చెడ్డోడు కాదు. మానిన మొదటి 2, 3 రోజులే చిరాకు బాగా ఎక్కువ ఉంటదని, తర్వాత 3, 4 వారాల్లో తగ్గుతూ పోతదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వచ్చే సెలవుల్లో మళ్లీ మొదలుపెట్టమని నాయనమ్మను అడిగాను. ఆ మూడు రోజులు నేను పక్కనే ఉంటాను.

సెలవులకు ఇంటికి పోయి ఖైనీ అలవాటుతో తిరిగి వచ్చే పిల్లలు మనలో కూడా ఉన్నారు. పేర్లు రాయను. హాస్టల్లో ఖైనీ దొరక్క వాళ్లకు తలనొప్పి, కోపం వస్తాయి. వార్డెన్ మేడం, అప్పుడు వాళ్లను వరండాలో నిలబెట్టకుండా నర్సమ్మ దగ్గరికి పంపించండి. పొగాకు మానాలనుకునేవాళ్లు మాట్లాడడానికి ప్రభుత్వం ఉచిత ఫోన్ నంబరు కూడా పెట్టింది: 1800-11-2356. ఆఫీసు ఫోన్ నుంచి చేసుకోనిస్తారా?

— 9వ తరగతి విద్యార్థిని