దివాలా అర్జీ : రైతులు ముందుగా తెలిసికొనవలసిన సంగతులు

సేద్యమునకు అప్పు తప్పదు. విత్తనములకును, ఎరువులకును, కూలికిని సొమ్ము ముందుగా కావలెను. పంట ధర మాత్రము కోత ముగిసి సరకు అంగడికి చేరిన పిమ్మటగాని తెలియదు. వరుసగా రెండేండ్లు వానలు తప్పినను, బోరు ఎండిపోయినను, ప్రత్తికి పురుగు పట్టినను, అసలు తరుగదు, వడ్డీ పెరుగును. అట్టి సమయమున గ్రామములలో తరచుగా వినవచ్చు సలహా యొకటి కలదు, అది "ఐ.పి. పెట్టుము" అనునది. ఈ మాటను కొందరు మోసమునకు మారుపేరుగా తలచుచున్నారు. మరికొందరు అన్ని బాధలకును ఒకే మందుగా నమ్ముచున్నారు. రెండు తలంపులును సరియైనవి కావు. దివాలా అర్జీ నిజాయితీగల రైతును అప్పు బారినుండి విడిపించు మార్గమే. కాని ఉన్నదంతయు దాపరికము లేక చెప్పినవానికే అది అక్కరకు వచ్చును. దానికి చెల్లింపవలసిన వెల తరచుగా భూమియే. కావున భూమిగల రైతు దాని మంచిచెడ్డలను ముందుగా తెలిసికొనుట మేలు.

శాసనము

ఇన్‌సాల్వెన్సీ పిటిషను అను రెండు మాటల మొదటి యక్షరములే ఐ.పి. అను వాడుకగా మారినవి. ఇందుకు ఆధారము 1920 సంవత్సరపు ప్రాంతీయ దివాలా శాసనము. 2016లో దేశమంతటికిని క్రొత్త దివాలా స్మృతి చేయబడినది. కాని అందు వ్యక్తులకు సంబంధించిన భాగము 2019 డిసెంబరు 1వ తేదీనుండి సంస్థల అప్పులకు జామీను నిలిచినవారి విషయమున మాత్రమే అమలులోనికి తేబడినది. తక్కిన వ్యక్తులకు 1920 నాటి శాసనమే మార్గము.

అర్జీకి పూర్వము చూడవలసినవి

మొదటిది, అప్పు ఇంకను కోర్టులో నిలుచునా యనునది. అడిగినప్పుడు చెల్లింతునని వ్రాసిన ప్రామిసరీ నోటుపై దావా తెచ్చుటకు గడువు నోటు తేదీ మొదలుకొని మూడేండ్లు. ఆ గడువులోపల కొంత సొమ్ము చెల్లించి నోటు వెనుక వ్రాసి సంతకము చేసినను, బాకీ యున్నదని వ్రాతమూలముగా ఒప్పుకొనినను, ఆ దినమునుండి మరల మూడేండ్ల గడువు లభించును. తాకట్టు బాకీకై భూమిని అమ్మింపగోరు దావాకు గడువు పండ్రెండేండ్లు. కావున చదువకుండ ఏ కాగితము మీదను వ్రేలిముద్రగాని సంతకముగాని వేయరాదు. చెల్లించిన ప్రతి సొమ్మునకు రసీదు పొందవలెను.

రెండవది, జప్తు భయము. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము డబ్బు డిక్రీ క్రింద రైతు వ్యవసాయ పనిముట్లను, జీవనమునకు అవసరమని కోర్టు తలచిన పశువులను, విత్తనపు గింజలను, రైతు కాపురముండు ఇంటిని, కట్టుబట్టలను, వంటపాత్రలను జప్తు చేయరాదు. సాగుభూమికి మాత్రము ఈ రక్షణ లేదు.

మూడవది, చెరసాల భయము. డబ్బు డిక్రీకై స్త్రీలను అరెస్టు చేయరాదు. పురుషుల విషయమునను, చెల్లింప శక్తి యుండియు దురుద్దేశముతో ఎగవేసినవానినే చెరకు పంపవలెనుగాని, కేవలము పేదరికమువలన చెల్లింపలేనివానిని పంపుట తగదని 1980లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. చెరసాల పేరు చెప్పి బెదరించువారికి లొంగి భూమి వ్రాసి యిచ్చుట అవివేకము.

నాలుగవది, ప్రభుత్వ మాఫీలు. 2008లో కేంద్ర ప్రభుత్వము చేసిన ఋణమాఫీ బ్యాంకుల, సహకార సంఘముల వ్యవసాయ అప్పులకే వర్తించినది. 2024లో తెలంగాణములో జరిగిన రెండు లక్షల రూపాయలవరకు మాఫీయు అట్టిదే. సాహుకారు బాకీని, ఎరువుల దుకాణపు బాకీని ఈ మాఫీలు తీర్పలేదు. అట్టి బాకీలకు రైతు వేరు దారి వెదకుకొనవలసినదే.

ఐదవది, రాజీ. కోర్టు ఆవరణమునందలి న్యాయసేవల సంఘము ద్వారా లోక్ అదాలత్‌లో అప్పిచ్చినవానితో వడ్డీ తగ్గింపునకును వాయిదాలకును రాజీపడవచ్చును. అందు కోర్టు ఫీజు లేదు. అచ్చట కుదిరిన ఒప్పందమునకు కోర్టు డిక్రీతో సమానమైన బలము గలదు. దానిపై అప్పీలు లేదు. అప్పిచ్చినవారు ఒకరిద్దరే యైనచో ముందుగా ఈ మార్గమునే ప్రయత్నింపవలెను.

ఎవరు అర్జీ చేయవచ్చును

అప్పులు తీర్చు శక్తి లేని యే రైతైనను, ఈ క్రింది మూడింటిలో ఒకటి యున్నచో అర్జీ పెట్టవచ్చును. అప్పుల మొత్తము 500 రూపాయలకు తగ్గకుండుట. డబ్బు డిక్రీ అమలులో అరెస్టయి యుండుట. అట్టి డిక్రీక్రింద ఆస్తి జప్తయి ఆ జప్తు నిలిచియుండుట. రైతు నివసించు ప్రాంతముపై అధికారముగల జిల్లా కోర్టులోగాని, ఆ యధికారము పొందిన సబు కోర్టులోగాని అర్జీ దాఖలు చేయవలెను. ఒకసారి దాఖలైన అర్జీని కోర్టు అనుమతి లేక ఉపసంహరించుకొనుటకు వీలు లేదు.

అర్జీలో వ్రాయవలసినవి

అప్పులు తీర్పలేకున్నానను మాట మొదట వ్రాయవలెను. పిమ్మట అప్పిచ్చినవారందరి పేర్లును, ఊళ్లును, ఎవరికెంత బాకీ యను లెక్కయు వ్రాయవలెను. బంధువు బాకీ యైనను, వ్రాతలేని చేబదులైనను విడువరాదు. తరువాత భూమి సర్వే నంబర్లు, విస్తీర్ణము, ఇల్లు, పశువులు, బంగారము, బ్యాంకులోని సొమ్ము, ఇతరులనుండి రావలసిన బాకీలు, వీని వెలలు చూపవలెను. జప్తుకు లోబడని వస్తువులు తప్ప తక్కిన ఆస్తిని కోర్టు స్వాధీనము చేయుటకు సమ్మతియని ప్రకటింపవలెను. లెక్కపుస్తకములను మాత్రము ఏమియు మినహాయింపక ఒప్పగింపవలెను. పూర్వము ఇట్టి అర్జీ పెట్టి యున్నచో ఆ సంగతియు తెలుపవలెను. నోట్లు, రసీదులు, పట్టాదారు పాసుపుస్తకము, తాకట్టు దస్తావేజుల నకళ్లు ముందే సమకూర్చుకొన్న రైతునకు ఈ పని సులభము.

అర్జీ దాఖలైనంత మాత్రమున మరియొక కోర్టులో జరుగుచున్న వేలము తనంతట ఆగదు. అర్జీ స్వీకరింపబడిన సంగతిని ఆ కోర్టునకు వెంటనే తెలుపవలెను. రైతు దివాలాదారుడని తీర్మానమైన పిమ్మట అప్పిచ్చినవారు కోర్టు అనుమతి లేక అతనిపై దావా తేలేరు. అరెస్టునుండి రక్షణ కోరుచు ప్రత్యేకముగా అర్జీ చేసికొనవచ్చును.

ఆస్తి యేమగును

దివాలా తీర్మానముతో రైతు ఆస్తి కోర్టునకుగాని, కోర్టు నియమించిన రిసీవరుకుగాని చెందును. రిసీవరు దాని నమ్మి, సర్కారు బాకీలను, కూలివారి చిల్లర బాకీలను ముందు తీర్చి, మిగిలినది అప్పిచ్చినవారికి వారివారి బాకీల నిష్పత్తిలో పంచును. తాకట్టు పెట్టుకొన్న బ్యాంకునకును, బంగారము కుదువ పట్టినవానికిని ఈ పంపిణీతో పనిలేదు. వారు తమ తాకట్టుపై హక్కును వేరుగా నడుపుకొనవచ్చును. కావున బాకీ యంతయు తాకట్టు బాకీయే యైన రైతునకు దివాలా అర్జీవలన ప్రయోజనము స్వల్పము. రైతునకు జామీను నిలిచిన పొరుగువాడును దీనివలన విడుదల పొందడు. అప్పిచ్చినవాడు అతనిని అడుగును. అవిభక్త కుటుంబమున కొడుకుల భాగము విషయమై తగవులు కలుగవచ్చును కావున వకీలుతో ముందుగా ఆలోచింపవలెను.

ఇద్దరు రైతులు

ఒక గ్రామమున ఇద్దరు రైతులు ఒకే సంవత్సరము నష్టపడిరని యనుకొనవచ్చును. మొదటివాడు అర్జీకి ఆరు నెలల ముందు, సొమ్మేమియు పుచ్చుకొనక, నాలుగెకరములు బావమరిది పేర రిజిస్టరు చేయించెను. అర్జీకి వారము దినముల ముందు, తన వియ్యంకుని బాకీని మాత్రము పూర్తిగా తీర్చెను. అర్జీలో ఒక ఎకరమునే చూపెను. రెండేండ్లలోపల వెలలేక జరిగిన బదిలీని రిసీవరు అర్జీపై కోర్టు రద్దు చేయవచ్చును. మూడు నెలలలోపల ఒకనికి పక్షపాతముతో చేసిన చెల్లింపును సైతము చెల్లదనవచ్చును. కోర్టు అట్లే చేసినది. భూమి దక్కలేదు, విడుదలయు నిరాకరింపబడినది, ఆస్తి దాచిన నేరమునకు ఒక సంవత్సరమువరకు చెరశిక్ష పడుటకును అవకాశమేర్పడినది. బావమరిదితోను వైరము మిగిలినది.

రెండవవానికి నోటు బాకీ 4,80,000 రూపాయలు, ఎరువుల దుకాణమునకు 3,20,000, చేబదుళ్లు 1,60,000, మొత్తము 9,60,000 రూపాయల బాకీ. అతడు అంతయు చూపెను. భూమి యమ్మగా, బ్యాంకు తాకట్టు బాకీయు ఖర్చులును పోను 6,00,000 మిగిలినది. రూపాయకు పదణాల చొప్పున, నోటుదారునకు 3,00,000, దుకాణమునకు 2,00,000, చేబదులిచ్చినవారికి 1,00,000 ముట్టినది. మిగిలిన 3,60,000 విడుదల ఉత్తరువుతో తీరిపోయినది. ఇల్లును, అరకయు, ఎడ్లును అతనికే నిలిచినవి. మరుసటి యేడు అతడు కౌలునకు భూమి పట్టి సాగు చేసెను. భూమి పోయిన దుఃఖము తక్కువది కాదు. కాని సాహుకారు ఇంటి ముందు నిలుచుట తప్పినది. కొడుకుల నెత్తిపై అప్పు నిలువలేదు.

భూమి నిలుపుకొను మార్గము

దివాలా తీర్మానమైన పిమ్మటను రాజీకి దారి గలదు. ఇంత భాగము ఇన్ని వాయిదాలలో చెల్లింతునని రైతు ప్రతిపాదింపవచ్చును. బాకీ రుజువు చేసికొన్నవారిలో సంఖ్యను బట్టి సగమునకు మించినవారును, సొమ్మును బట్టి నాలుగింట మూడువంతులవారును ఒప్పుకొని, కోర్టు ఆమోదించినచో తీర్మానము రద్దగును. భూమి మరల రైతు చేతికి వచ్చును. బంధువుల సాయముగాని, ఒకటి రెండు పంటల నమ్మకమైన రాబడిగాని యున్న రైతు ఈ మార్గమును తప్పక ఆలోచింపవలెను.

విడుదల ఉత్తరువు

దివాలా తీర్మానముతో పని ముగిసినదని చాలమంది యనుకొందురు. ఇది గొప్ప పొరపాటు. తీర్మానములోనే కోర్టు ఒక గడువు నిర్ణయించును. ఆ గడువులోపల రైతు విడుదలకై వేరే అర్జీ పెట్టవలెను. పెట్టనిచో తీర్మానమే రద్దయి, బాకీలు మరల తల యెత్తును. విడుదలకు ముందు రైతు సంపాదించిన, లేక వారసత్వమున పొందిన ఆస్తి సైతము రిసీవరుకే చెందును.

ఆస్తి విలువ బాకీలో రూపాయకు ఎనిమిదణాలైనను లేనప్పుడు, అది తన తప్పువలన కాదని రైతు చూపవలెను. కరవు, బోరు ఎండుట, తెగులు మొదలగు వానికి సాక్ష్యము ఇచ్చట ఉపయోగపడును. పంటనష్టపు కాగితములు భద్రపరచుకొనవలెను. జూదము, మితిమీరిన ఖర్చు, తీర్చు ఆశ లేకయే చేసిన అప్పు, మోసము రుజువైనచో పూర్తి విడుదల లభింపదు. సర్కారు బాకీలు, మోసముతో తెచ్చిన అప్పు, భార్యాబిడ్డల మనోవర్తి విడుదలతోను తీరవు.

పేద రైతునకు సాయము

వకీలు ఫీజునకు సొమ్ము లేనివారు 1987 సంవత్సరపు న్యాయసేవల శాసనము క్రింద ఉచిత సాయము కోరవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో పనిలేక ఈ హక్కు గలదు. ఇతరులకు ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడి లభించును. కోర్టు ఆవరణములోని న్యాయసేవల సంఘమున తెల్లకాగితముపై అర్జీ వ్రాసి యిచ్చిన చాలును; దళారికి సొమ్మీయవలసిన పని లేదు.

ముగింపు

కలుపు తీయుటకు అదను ఉన్నట్లే అప్పు లెక్క చూచుకొనుటకును అదను కలదు. వేలము నోటీసు ఇంటి తలుపునకు అంటించిన తరువాత కాక, రెండవ పంట పోయిన నాడే రైతు ఒక పుస్తకములో అప్పులన్నియు, ఆస్తియంతయు వ్రాసి, ఇంటివారియెదుట చదువవలెను. అట్లు చదివిన పిమ్మట కొందరికి రాజీ చాలును. కొందరికి కొంత భూమి తామే మంచి ధరకు అమ్ముకొనుట మేలగును. కొందరికి దివాలా అర్జీ తప్పదు. ఏ దారి పట్టినను ఆ పుస్తకమే మొదటి యాధారము. అప్పు పడుట నేరము కాదు. దాచుటయే రైతును చెరచును.