మహమ్మారి కాలంలో మూత్రపిండ మార్పిడి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు అందరూ విన్న మాట ఒక్కటే: ఇల్లు కదలకండి. కిడ్నీలు పాడైన రోగికి మాత్రం ఆ మాట పాటించే వీలు లేకపోయింది. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, ఇతర రోగుల మధ్య డయాలసిస్ మంచం మీద గడపాలి. మానితే ప్రాణానికే ముప్పు.

మార్పిడి జరిగితే ఆ రాకపోకలు తప్పుతాయి. కానీ కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ వంటి మందులు వాడాలి. అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. ఆగినా ప్రమాదం, సాగినా ప్రమాదం. అందుకే మొదట్లో చాలా ఆసుపత్రులు ఈ ఆపరేషన్లను వాయిదా వేసి, తరువాత జాగ్రత్తలతో తిరిగి ప్రారంభించాయి.

ఆ జాగ్రత్తలు మనమూ తెలుసుకుందాం.

మొదటిది, దాతకూ రోగికీ ఇద్దరికీ ఆర్‌టీపీసీఆర్ పరీక్ష. వైరస్ సోకిన తొలి రోజుల్లో పరీక్షలో బయటపడకపోవచ్చు కనుక ముందు కొన్నాళ్లు ఇద్దరూ ఎవరినీ కలవకుండా ఉండాలి. ఎవరికి పాజిటివ్ వచ్చినా ఆపరేషన్ ఆపాలి. బతికున్న దాత విషయంలో తేదీ మార్చవచ్చు; బ్రెయిన్ డెడ్ అయిన వ్యక్తి కిడ్నీ అయితే అన్ని రోజులు ఆగదు, పరీక్షలన్నీ గంటల్లో ముగించాలి.

రెండవది, కోవిడ్ రోగులకు దూరంగా వేరే వార్డు, వేరే సిబ్బంది.

మూడవది, టీకా. మార్పిడి తరువాత వాడే మందుల వల్ల టీకా ఫలితం తగ్గుతుంది కనుక వీలైతే ముందే వేయించుకోవాలి.

నాలుగవది, ఇంటికి వచ్చాక పరామర్శలు తగ్గించడం. ప్రేమతో వచ్చే బంధువులకు ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. మందులు సొంతంగా ఆపకూడదు.

కిడ్నీ ఇచ్చే తల్లి, అన్న, భార్య ఆరోగ్యవంతులు. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఒకరిని కాపాడబోయి మరొకరిని ప్రమాదంలో పడవేయకూడదు. 1988లో జెడ్డాలో సమావేశమైన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ షరతులతో అవయవదానాన్ని అనుమతించింది, అమ్మకాన్ని కాదు. మన దేశంలో 1994 చట్టం కూడా అమ్మకాన్ని నిషేధించింది.

గౌరవనీయ దాతలారా, ఆపరేషన్ ఒక్కరోజుది. కిడ్నీ పనిచేసినన్నాళ్లూ మందులు తప్పవు. పేద రోగికి పరీక్షల ఖర్చు, ఆసుపత్రి దగ్గర అద్దెగది, నెలనెలా మందులు అందితేనే ఈ జాగ్రత్తలన్నీ ఆచరణలోకి వస్తాయి. మన సదఖా చేరవలసిన చోటు అది.