తెగిన కంట్రోలరుకి నెట్‌వర్క్ కేబుల్ వైద్యం

మస్కట్‌లో జూన్ నెల వచ్చిందంటే ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పిల్లలకి సాయంత్రం దాకా బయట ఆటలు కుదరవు. అప్పుడే అలమరా అడుగునుంచి పాత ప్లేస్టేషన్ 2 బయటికి వస్తుంది. కన్సోల్ భేషుగ్గా పనిచేస్తుంది కానీ కంట్రోలరు వైరు మాత్రం ఎక్కడో తెగి ఉంటుంది.

“పారేసి కొత్తది కొంటే పోలా?” అనిపించడం సహజం. ప్లేస్టేషన్ 2 మొదట 2000లో వచ్చింది, 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2013 నాటికి తయారీ ఆగిపోయింది. కాబట్టి అసలు కంట్రోలరు కావాలంటే పాత సరుకులో వెతుక్కోవాలి. బటన్‌ని ఎంత గట్టిగా నొక్కామో అది పసిగడుతుంది. చవక నకళ్ళలో చాలావాటికి ఆ గుణం ఉండదు. తెగిందల్లా వైరే అయినప్పుడు, మన ఇళ్ళలో మూలపడి ఉండే నెట్‌వర్క్ కేబుల్‌తో దాన్ని ఎలా బాగుచేసుకోవచ్చో చూద్దాం.

ఆ వైరులో ఏముంది?

కంట్రోలరు ప్లగ్గులో తొమ్మిది పిన్నులకి చోటుంది, వాడేవి ఎనిమిదే. క్యాట్ 5 కేబుల్‌లోనూ సరిగ్గా ఎనిమిది తీగలే! వరుస ఇదీ:

1 – డేటా (కంట్రోలరు నుంచి కన్సోల్‌కి)
2 – కమాండ్ (కన్సోల్ నుంచి కంట్రోలరుకి)
3 – వణికే మోటార్లకి కరెంటు, సుమారు 7.5 వోల్టులు
4 – గ్రౌండ్
5 – చిప్‌కి కరెంటు, 3.3 వోల్టులు
6 – అటెన్షన్ (“నీతోనే మాట్లాడుతున్నా” అనే పిలుపు)
7 – క్లాక్
8 – ఖాళీ
9 – అక్నాలెడ్జ్ (ప్రతి బైటు తర్వాత “అందింది” అనే జవాబు)

నెట్‌వర్క్ ప్రోటోకాల్స్ తెలిసినవారికి ఇది పాత చుట్టమే. కన్సోల్ అటెన్షన్ తీగని కిందికి దించి, క్లాక్ కొడుతూ ఒక్కో బిట్టు పంపుతుంది. అదే క్లాక్ మీద కంట్రోలరు ఏ బటన్లు నొక్కి ఉన్నాయో చెబుతుంది. నొక్కిన బటన్‌కి 0, నొక్కనిదానికి 1.

దీన్నిబట్టి రోగం కూడా కనిపెట్టవచ్చు. ఆట ఆడగలుగుతున్నా వణుకు లేదంటే ముందుగా 3వ తీగని అనుమానించాలి. కంట్రోలరు ఉన్నట్టే కన్సోల్‌కి తెలియడం లేదంటే మిగతా ఏడింటిలో ఏదైనా కావచ్చు.

కావలసినవి

పాత నెట్‌వర్క్ కేబుల్ రెండు మీటర్లు, సోల్డరింగ్ ఐరన్, సీసం, మల్టీమీటర్, వేడికి ముడుచుకునే గొట్టాలు, రెండు ప్లాస్టిక్ టైలు. కేబుల్ లోపలి తీగ సన్నని పోగులతో ఉన్నదై ఉండాలి. గోడల్లో వేసే ఒంటి రాగి తీగ అయితే పిల్లల చేతుల్లో వంగి వంగి కొన్నాళ్ళకే విరుగుతుంది.

ఒమాన్‌లో కరెంటు 240 వోల్టులు కనుక ఇండియా నుంచి తెచ్చుకున్న ఐరన్ పనిచేస్తుంది. ఇక్కడి సాకెట్ మాత్రం బ్రిటిష్ పద్ధతిది, అడాప్టర్ కావాలి. అమెరికాలో ఉన్నవారు ఇంటినుంచి తెచ్చుకున్న ఐరన్‌ని 120 వోల్టులకి తగిలిస్తే అది చాలినంత వేడెక్కదు.

పని వరుస

మొదట కన్సోల్ నుంచి ప్లగ్గు పీకెయ్యండి. కంట్రోలరు విప్పి, ఒక్కో పిన్ను బోర్డు మీద ఎక్కడికి వెళుతోందో మల్టీమీటర్‌తో చూసి కాగితం మీద రాసుకోండి. బోర్డు దగ్గర తెగిన తీగ మోగకపోతే మిగతావాటిని బట్టి తేల్చుకోవాలి. ఇన్సులేషన్ రంగులని నమ్మవద్దు.

తెగిన చోటు కంట్రోలరు మెడ దగ్గరే అయితే కొత్త కేబుల్ అక్కర్లేదు. పాడైన ముక్క కత్తిరించి మిగిలిన వైరునే తిరిగి అతికించవచ్చు. వైరంతా నలిగిపోయి ఉంటే, పాత ప్లగ్గుని పది సెంటీమీటర్ల తోకతో ఉంచుకుని దానికి కొత్త కేబుల్ కలపండి. అతుకులన్నీ ఒకే చోట పడకుండా ఒక్కో తీగని ఒక్కో పొడవున కత్తిరిస్తే లావు తగ్గుతుంది, ఒకదానికొకటి తగిలే ప్రమాదమూ తగ్గుతుంది. గొట్టం ముందే తొడిగి, ఆ తర్వాత సోల్డర్ చెయ్యండి.

మెలివేసిన జంటల్లో క్లాక్‌కి గ్రౌండ్‌నీ, డేటాకి 3.3 వోల్టుల తీగనీ తోడివ్వండి. క్లాకూ డేటా ఒకే జంటలో లేకపోవడం మంచి అలవాటు.

తీగ సన్నగా ఉందని సందేహమా? 24 గేజి రాగి తీగకి మీటరుకి 0.084 ఓములు. రాకపోకలు కలిపి నాలుగు మీటర్లకి సుమారు 0.34 ఓములు. మోటార్లు 0.3 ఆంపియర్లు లాగాయనుకున్నా పోయేది 0.1 వోల్టే.

బోర్డుకి కలిపే ముందు పరీక్ష

ఇదే అసలు ఘట్టం. 3వ తీగ 5వ దానికి తగిలితే 3.3 వోల్టుల చిప్‌లోకి 7.5 వోల్టులు పోతాయి. కంట్రోలరు పోవచ్చు, దాంతోపాటు కన్సోల్ కూడా దెబ్బతినవచ్చు. కాబట్టి బోర్డుకి కలపకముందే ఎనిమిది తీగలూ అటునుంచి ఇటు మోగుతున్నాయో లేదో చూడండి. తర్వాత ఏ రెండూ కలిసి మోగకూడదు. ఎనిమిది తీగలకి అలాంటి జంటలు 28. అన్నీ చూడటానికి ఐదు నిమిషాలు చాలు. యూనిట్ టెస్టులు రాయకుండా కోడ్ విడుదల చెయ్యం కదా!

పరీక్ష నెగ్గాక బోర్డుకి అతికించి, డొల్ల లోపల కేబుల్‌కి టై బిగించండి. వైరు లాగినప్పుడు బరువు టై మీద పడాలి, అతుకుల మీద కాదు. ఏసీ కోసం కిటికీలు మూసిన గదిలో సోల్డరింగ్ పొగ నిలిచిపోతుంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర కూర్చోండి, తర్వాత చేతులు కడుక్కోండి.

మీది యూఎస్‌బీ కంట్రోలర్ అయితే పని ఇంకా తేలిక. ప్రధానంగా ఉండేవి నాలుగే తీగలు: 5 వోల్టులు, గ్రౌండ్, రెండు డేటా తీగలు. పాత ప్రింటర్ కేబుల్ సరిపోతుంది. డేటా తీగలు తారుమారైతే కంప్యూటర్ గుర్తుపట్టదు, అంతే. కరెంటు తీగలు తారుమారైతే చిప్ కాలిపోవచ్చు. అందుకే ఇక్కడా ముందు మీటర్, తర్వాతే ప్లగ్గు.

వచ్చే శుక్రవారం సెలవు పూట ప్రయత్నించి చూడండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీటర్ వాళ్ళ చేతికే ఇవ్వండి. ఆ 28 జంటల లెక్క వాళ్ళకే అప్పగిస్తే, బటన్ నొక్కితే తెర మీద బొమ్మ ఎందుకు దూకుతుందో కూడా వాళ్ళకి తెలిసొస్తుంది.